ఎత్తుకొచ్చిన అమ్మవారు, మూడు రంగుల గుడి

బాబాయ్, పిన్ని తెనాలి నుంచి ఫ్రాన్సులో మా తూలూజ్‌కి వచ్చి మూడు వారాలైంది. పారిస్ తీసుకెళ్తే ఐఫిల్ టవర్ కింద నిలబడి బాబాయ్ "రివెట్లు బాగానే కొట్టారు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. నాగార్జునసాగర్ కుడికాలువ మీద ఏఈగా చేరి డీఈగా రిటైరైన మనిషి. రాతికట్టుబడి తప్ప మిగతావేవీ ఆయన దృష్టిలో కట్టడాలు కావు. పెంతెకొస్తు సోమవారం ఇక్కడ సెలవు కాబట్టి శని, ఆది, సోమ కలిసొచ్చాయి. కొండల్లో కొంక్ అనే పల్లె ఉంది, తొమ్మిది వందల ఏళ్ళు దాటిన క్రైస్తవ గుడి ఉంది అన్నాను. "రాతిదేనా?" అని అడిగి సంచి సర్దుకున్నాడు. తిరిగొచ్చి మూడు రోజులైంది. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

జూన్ 7, శనివారం. రోడెజ్

తూలూజ్ నుంచి ఈశాన్యంగా 150 కిలోమీటర్లు. శనివారం కదా, వీధుల్లో సంత. ఒకావిడ పెద్ద పెనం మీద పచ్చగా, చేతి మందాన అట్లు కాలుస్తోంది. ఫార్సూ అంటారు వీటిని. పాలకూరకి పెద్దక్కలా ఉండే వెడల్పాటి ఆకు, ఉల్లి, పిండి, గుడ్డు కలిపి వేస్తారు. పిన్ని చెయ్యి చాపేలోపు గుడ్డు సంగతి చెప్పాను. శనివారం! చెయ్యి వెనక్కి పోయింది. బాబాయ్‌కి ఆ నియమాలేమీ లేవు, రెండు తిన్నాడు.

మధ్యాహ్నం పిన్నికి అలిగో దొరికింది. ఉడికించిన బంగాళాదుంపల్లో పచ్చి జున్ను, మీగడ, వెల్లుల్లి వేసి సాగేదాకా కలుపుతారు. వడ్డించే కుర్రాడు చెక్క తెడ్డుతో పైకెత్తి చూపించాడు, వాడి గడ్డం దాకా తీగ సాగింది. "ఇందులో ఒక్క పచ్చిమిరపకాయ పడుంటేనా" అని పిన్ని రెండోసారి వేయించుకుంది. బల్ల మీద రొట్టె, కూజాలో మంచినీళ్ళు ఉచితం. ఆ మాట వినకముందే బాబాయ్ సీసా నీళ్ళు తెమ్మన్నాడు, అయిదు యూరోలు. ఆ అయిదు యూరోలని మూడు రోజుల్లో కనీసం ఆరుసార్లు రూపాయల్లోకి మార్చాడు.

గులాబీరంగు రాతి కథీడ్రల్, 87 మీటర్ల గంటల గోపురం చూశాం. ఆ తర్వాత సూలాజ్ మ్యూజియం. పియేర్ సూలాజ్ ఈ ఊరివాడే. 1919లో పుట్టాడు, 2022లో పోయాడు, ఎక్కువగా నలుపుతోనే బొమ్మలు వేశాడు. మ్యూజియం బయటి గోడలు తుప్పురంగు ఉక్కు రేకులు. "కోటి రూపాయల బిల్డింగుకి ఒక కోటింగు ప్రైమర్ కొట్టలేకపోయారా?" అన్నాడు బాబాయ్. తుప్పే దాని అందం అని చెప్పబోయి మానుకున్నాను. లోపల, కొంక్ గుడి కిటికీలకి సూలాజ్ గీసిన నిలువెత్తు నమూనాలున్నాయి. తెల్లటి మీద ఏటవాలుగా వంగిన నల్లగీతలు, అంతే. బాబాయ్ ఒకదాని ముందు ఆగి, "బార్ బెండింగ్ షెడ్యూలు" అని తేల్చేశాడు. కాంక్రీటు కమ్ములు ఎలా వంచాలో చూపే పట్టిక అన్నమాట.

జూన్ 8, ఆదివారం. దారి తప్పి కొంక్‌కి

రోడెజ్ నుంచి కొంక్ 40 కిలోమీటర్లు లేదు. నాలుగు నిమిషాలు కలిసొస్తుందని ఫోను చూపించిన అడ్డదారి పట్టాను. తప్పు నాదే. మర్సియాక్ లోయ, అంతా ఎర్రమట్టి, మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. దారి సన్నబడి, సన్నబడి, చివరికి ఎదురుగా ఎండుగడ్డి మోపుల ట్రాక్టరు వచ్చి ఆగింది. రెండు వందల మీటర్లు వెనక్కి నడపాలి, పక్కన లోయ. రైతు దిగొచ్చాడు. తిడతాడనుకున్నా. ముందు "బోన్‌జూర్" అన్నాడు, వెనక కూర్చున్న పిన్నికి విడిగా ఇంకో బోన్‌జూర్ చెప్పాడు, ఆ తర్వాత చేతులూపుతూ నన్ను వెనక్కి నడిపించాడు. ఇక్కడ ఈ మాట లేకుండా ఏ పనీ మొదలవదు. ఆ సంగతి మరో అరగంటలో బాబాయ్‌కీ తెలిసొచ్చింది. కొంక్‌లో ఒక భోజనశాలలోకి నేరుగా వెళ్ళి "టాయిలెట్?" అన్నాడు. కౌంటరు వెనకాయన మొహం చూసి బయటికొచ్చేశాడు. నేను లోపలికెళ్ళి ముగ్గురి తరఫునా బోన్‌జూర్ చెప్పాక దారి చూపించారు.

భోజనం మాత్రం లేదు. రెండూ ఇరవై అయింది, రెండింటికే వంటిల్లు మూసేశారు. ఆకలి సంగతి ఎంత చెప్పినా తెరవరు. పొద్దున రోడెజ్‌లో కొన్న రొట్టె, జున్ను, టమాటాలు, పిన్ని సంచిలో ఎప్పుడూ ఉండే గోంగూర పచ్చడి. గుడి పక్కన రాతి అరుగు మీద కూర్చుని కానిచ్చేశాం. పక్క అరుగు మీద ఇద్దరు నడక యాత్రికులు బూట్లు విప్పి పాదాలకి ప్లాస్టర్లు వేసుకుంటున్నారు. ల పుయి అనే ఊరి నుంచి బయల్దేరి పదో రోజట, 200 కిలోమీటర్ల పైమాటే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, మిగిలినవాళ్ళు స్పెయిన్‌లోని సాంతియాగో పుణ్యక్షేత్రం దాకా పోతారు. పచ్చడి వాసనకి ఒకాయన తల తిప్పాడు. పిన్ని రొట్టెముక్క మీద రాసిచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగాడు.

ఊరు కొండవాలుకి అతుక్కుని ఉంది. దుర్దు ఏట్లో ఊష్ అనే చిన్న వాగు కలిసే చోట లోయ గుల్లలా వంపు తిరుగుతుంది, కొంక్ అనే పేరు లాటిన్‌లో గుల్ల అనే మాట నుంచే. కర్ర చట్రాల మట్టి ఇళ్ళు, పైన నల్లటి పలకరాళ్ళ కప్పులు. వాటి మధ్య ఊరికి మించిన గుడి. ఇంత పల్లెకి అంత గుడి ఎందుకు, ఎవరి డబ్బు? బాబాయ్ మొదటి ప్రశ్న అదే. జవాబు కోసం పక్కనే గుడి బంగారం ఉంచిన ఖజానాలోకి వెళ్ళాం. మనిషికి ఆరేడు యూరోలు.

అదే రోజు, సాయంత్రం. సెంత్ ఫ్వా

చీకటి గదిలో అద్దాల వెనక కూర్చుని ఉంది సెంత్ ఫ్వా విగ్రహం. 85 సెంటీమీటర్ల ఎత్తు, లోపల చెక్క, పైన బంగారు రేకు. ఒళ్ళంతా రాళ్ళు, స్ఫటికాలు, ముత్యాలు, పాత రోమన్ చెక్కుడు రత్నాలు. చెవులకి జూకాలు, తలమీద కిరీటం. గాథలో ఆమెకి పన్నెండేళ్ళు, మొహం మాత్రం అంత పిల్లది కాదు. పాతకాలపు రోమన్ తలని తెచ్చి ఈ ఒంటికి తగిలించారంటారు, చూపు అలాగే ఉంది, రాజు చూపు. పిన్ని చెప్పులు విప్పబోయి మళ్ళీ తొడుక్కుంది. "అమ్మవారే" అంది మెల్లగా.

ఆ మాట నాకు సంతోషంగానూ ఇబ్బందిగానూ అనిపించింది. ఎందుకంటే ఈ పిల్ల కథ అటు నుంచి మొదలవుతుంది. సెంత్ అంటే పునీత, ఫ్వా అంటే విశ్వాసం. మూడు, నాలుగు శతాబ్దాల మధ్యలో అజాన్ పట్నంలో విగ్రహాలకి మొక్కనన్నందుకు చంపేశారని ఆమె గాథ. విగ్రహానికి మొక్కని పిల్లకే, తర్వాత ఇంత బంగారు విగ్రహం! ఈ ఎత్తిపొడుపు మనకి కొత్తగా తట్టిందేమీ కాదు. 1013లో ఆంజే నుంచి బెర్నార్ అనే మతాచార్యుడొకడు ఇక్కడికి వచ్చి, ఇదేం బొమ్మ, పాత రోమన్ దేవుళ్ళు జూపిటర్‌కో మార్స్‌కో పెట్టినట్టుందే అని పక్కవాడితో వెటకారమాడాడు. తర్వాత లెంపలేసుకుని, ఆమె మహిమల్ని తనే గ్రంథంగా రాశాడు. ఆ గ్రంథంలో ఈవిడ నగల కోసం కలలోకి వస్తుంది. తూలూజ్ ప్రభువు (కౌంటు) భార్య అర్సెంద్‌కి కలలో కనిపించి నీ బంగారు కడియాలిస్తావా అంది. కొడుకుని కడుపున వెయ్యి, ఇస్తానంది ఆవిడ. ఇద్దరు కొడుకులు పుట్టారు, కడియాలు వచ్చాయి. ఇది చెప్తుంటే పిన్ని ఆశ్చర్యపోతుందనుకున్నా. "మరి? మొక్కు తీర్చుకోదూ?" అంది, అంతే.

అసలు గొడవ వేరే ఉంది. ఈవిడ కొంక్ పిల్ల కాదు. ఎనిమిదో శతాబ్దం చివర దదోన్ అనే సన్యాసి ఈ లోయలో కాపురం పెట్టాడు, మఠం లేచింది, రాజుల మాన్యాలూ వచ్చాయి. పేరున్న పవిత్రావశేషం, అంటే పునీతుల ఎముకల్లాంటిది, ఒక్కటి లేదు. అది లేకపోతే యాత్రికులు రారు. అప్పుడు అరివిస్కుస్ అనే సన్యాసి అజాన్ వెళ్ళి అక్కడి మఠంలో చేరాడు. ఏళ్ళ తరబడి ఉండి నమ్మకం సంపాదించాడు. సమాధికి కాపలా పెట్టగానే ఎముకలు మూటగట్టుకుని కొంక్‌కి వచ్చేశాడు. 866 ప్రాంతంలో జరిగిందంటారు. పైగా దీన్ని దొంగతనం అనలేదు, ఆమె ఇష్టపడే వచ్చిందన్నారు. ఇష్టం లేకపోతే కదిలేదా అని లెక్క. పిన్నికి ఇది బాగా నచ్చింది. బాబాయ్ మాత్రం, "అజాన్ వాళ్ళు కేసు వెయ్యలేదా?" అన్నాడు.

ఆ తర్వాత జనం తండోపతండాలుగా వచ్చారు. చూపు పోయినవాళ్ళు, చెరలో ఉన్నవాళ్ళు. విడుదలైన ఖైదీలు తమ సంకెళ్ళు తెచ్చి ఇక్కడ సమర్పించేవాళ్ళు. గర్భగుడి చుట్టూ ఉన్న ఇనప కమ్ముల కటకటాలు ఆ సంకెళ్ళు కరిగించి చేసినవే అని ఊళ్ళో చెప్పుకుంటారు. గుండ్రంగా చుట్టలు చుట్టిన కమ్మి, పైన మేకుల్లాంటి మొనలు. పాత గుడి చాలక, ఒదొల్రిక్ అనే మఠాధిపతి (1031 నుంచి 1065) ఇప్పటి గుడి మొదలుపెట్టాడు. పన్నెండో శతాబ్దం మొదట్లోకి పూర్తయింది. "అంటే డబ్బు ఈ అమ్మాయిది" అన్నాడు బాబాయ్. ఆయన ఎస్టిమేటు తేలింది.

అన్నట్టు, ఫ్రెంచి విప్లవం రోజుల్లో ప్రభుత్వం ఇలాంటి బంగారాన్నంతా కరిగిస్తుంటే, ఊరివాళ్ళు తలా ఒక వస్తువు ఇళ్ళల్లో దాచి, గండం గడిచాక తిరిగి తెచ్చిచ్చారట. ఏ ఒక్కరూ మింగెయ్యలేదా అని బాబాయ్ రెండుసార్లు అడిగాడు.

బయటికొచ్చేముందు పిన్ని అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఒరే, చేతుల్లో ఆ గొట్టాలేంటి?" అంది. రెండు చేతుల వేళ్ళ మధ్య చిటికెన వేలంత సన్నటి గొట్టాలు. చేతులు పదహారో శతాబ్దంలో కొత్తగా పెట్టినవి, గొట్టాలు పూలు గుచ్చడానికి అంటారు. "మరి పూలేవి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అదే రోజు, రాత్రి. తలుపు మీద తీర్పు

ఊళ్ళో గది ఒకావిడ ఇంట్లో, ముగ్గురికి 110 యూరోలు, పొద్దుటి టిఫినుతో సహా. రాత్రి భోజనం పెందలాడే ముగించాం. ఎండుచేప, బంగాళాదుంప, గుడ్డు, అక్రోటు నూనెతో చేసే ఎస్తోఫినాద్ కోసం బాబాయ్ ఆశపడ్డాడు. సముద్రం లేని ఈ కొండలకి ఎండుచేప పూర్వం పడవల మీద వచ్చేదని చెప్పి నేనే ఊరించాను. అది చలికాలపు వంట, ఇప్పుడు దొరకదన్నారు. బాతు తిన్నాం. మర్సియాక్ ఎర్రవైను ఒక గ్లాసు బాబాయ్ తాగాడు, వగరుగా ఉందన్నాడు, రెండోది కూడా తాగాడు.

తొమ్మిదిన్నరకి తెల్ల అంగీ వేసుకున్న సన్యాసి గుడిమెట్ల మీదికి వచ్చాడు. 1873 నుంచీ ఈ గుడి ప్రెమోంత్రే అనే శాఖ సన్యాసుల చేతిలో ఉంది. తలుపుల పైనున్న అర్ధచంద్రపు ఫలకాన్ని చూపిస్తూ యాత్రికులకి కథ చెప్తాడాయన, మనూళ్ళో హరిదాసులా, మధ్యమధ్యలో నవ్విస్తూ. నేను బాబాయ్‌కీ పిన్నికీ చెవిలో తెలుగు చేస్తున్నాను.

6.7 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల ఎత్తు, 124 బొమ్మలు. ("సాగర్ డ్యామ్ ఎత్తు మీటర్లలో అంతే" అన్నాడు బాబాయ్.) మధ్యలో క్రీస్తు, ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి. ఆయన కుడివైపు స్వర్గానికి పోయేవాళ్ళు, బుద్ధిగా, వరసలో, నిజం చెప్పాలంటే కాస్త విసుగ్గా. ఆ వరసలో ఒక రాజుని మఠాధిపతి చెయ్యిపట్టుకుని లాక్కెళ్తున్నాడు. షార్లమేన్ చక్రవర్తి అంటారు. మోకాళ్ళు వంచి, వెనకాడుతూ, ఆడిటుకి పిలిచిన గుమస్తాలా వస్తున్నాడు.

ఆయన ఎడమవైపు నరకం. శిల్పికి చేతినిండా పని అక్కడే దొరికింది. గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న అహంకారి, మెడలో డబ్బుసంచితో వేలాడే పిసినారి, నాలుక ఊడపీకించుకుంటున్న చాడీకోరు. దొంగనాణేలు చేసినవాడి నోట్లో లోహం పోస్తున్నారు. ఒక వేటగాణ్ణి కర్రకి కట్టి నిప్పుల మీద తిప్పుతున్నారు, తిప్పేది కుందేలు చెవుల మృగం! పిన్ని అందరూ వినేలా నవ్వింది. ఒక మఠాధిపతీ అతని శిష్యులూ వలలో చేపల్లా పడి ఉన్నారు. తమ గుడి తలుపు మీద తమ జాతినే నరకంలో చెక్కించుకున్న సన్యాసుల్ని మెచ్చుకోకుండా ఉండలేం. మధ్యలో తక్కెడ. ఇటు దేవదూత, అటు సైతాను, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే సైతాను వేలు మాత్రం తక్కెడపళ్ళెం మీదకి పోయింది. ఇది తెనాలి బజారులో చూసిన బొమ్మే.

సన్యాసి స్వర్గం వైపు, మనకి ఎడమగా ఉన్న మూలకి చూపించాడు. ఎవరూ గమనించనంత చిన్నగా, ఆర్చీల వెనక సంకెళ్ళు వేలాడుతున్నాయి. వాటి ముందు సాష్టాంగపడ్డ ఆడపిల్ల. మేఘంలోంచి దేవుడి చెయ్యొకటి వచ్చి ఆమె తలని తాకుతోంది. సెంత్ ఫ్వా ఇక్కడ ఇంతే, బంగారం లేదు, కిరీటం లేదు. వెనక ఆమె సింహాసనం ఖాళీ. ఫలకం పైన చుట్టూ తిరిగే అంచు వెనక నుంచి 14 మొహాలు, అంచుని రెండు చేతులా పట్టుకుని, దుప్పటి కింద నుంచి చూసే పిల్లల్లా తొంగిచూస్తున్నాయి. వాళ్ళని కుతూహలపువాళ్ళు అంటారు. పాపులారా, నడత మార్చుకోకపోతే కఠినమైన తీర్పు తప్పదు అని అడుగున లాటిన్‌లో చెక్కి ఉంది. చదవడం రానివాళ్ళ కోసం కుందేలు ఉంది.

తర్వాత లోపల ఆర్గన్ వాయిస్తుండగా మెట్లెక్కి పై మాళిగలోకి వెళ్ళనిచ్చారు. టికెట్టు ఉంది. మాళిగ చివరిదాకా వెళ్ళాక బాబాయ్ చప్పున ఆగిపోయాడు. నన్ను జబ్బ పట్టుకుని పైకి చూపించాడు. "చూడు. మధ్య హాలు 22 మీటర్ల ఎత్తు, వెడల్పు ఏడు కూడా లేదు. పైన అంతా రాతి కమాను. దాని బరువు కిందికే కాదు, పక్కలకీ తన్నుతుంది. ఇనుము లేదు, ఏం లేదు. మరెందుకు విడిపోలేదు?" మా తల మీది కప్పు పూర్తి కమాను కాదు, పావు చక్రమే, వాలుగా బయటిగోడ నుంచి లేచి మధ్య హాలు గోడకి భుజం ఆనించినట్టుంది. "ఈ సగం కమానే దన్ను. ఆ తన్నుని పట్టుకుని బయటి గోడలోకి దింపేస్తోంది. హాలు పొడుగునా ఒక్క చోట కూడా వదల్లేదు." మా తూలూజ్‌లో నేను వారం వారం పక్కనుంచి పోయే సేన్-సెర్నాన్ గుడిదీ ఇదే పద్ధతి, అది ఇటికది, ఇది రాతిది. పదేళ్ళలో ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదని ఆయనకి చెప్పలేదు.

జూన్ 9, సోమవారం. కిటికీలు, తర్వాత ఇల్లు

ఆ దన్నుకో ఖరీదుంది. మాళిగ అంత ఎత్తుకి వచ్చేస్తే, నడిమి హాలు కప్పు కింద కిటికీలకి చోటు లేదు. వెలుతురంతా పక్కల నుంచి, మాళిగల నుంచి వంకరగా రావాలి. సూలాజ్ పద్నాలుగేళ్ళప్పుడు బడి పిల్లలతో ఇక్కడికి వచ్చి, బొమ్మలు వేయడమే నా జీవితం అని ఇక్కడే అనుకున్నాడట. 1987 నుంచి 1994 దాకా ఏడేళ్ళు ఈ గుడికి 104 కిటికీలు చేశాడు. రంగు గాజు వద్దన్నాడు. తూలూజ్ గాజుపనివాడు జాన్-దొమినిక్ ఫ్లెరీతో కలిసి వెలుతురు వచ్చేలా, అవతలిది కనపడకుండా ఉండే గాజు తయారు చేయించాడు. ఊళ్ళో అప్పట్లో చాలామందికి నచ్చలేదు. నిన్న మధ్యాహ్నం బాబాయ్‌కీ నచ్చలేదు. "బాత్రూం గాజు" అన్నాడు.

పొద్దున్నే ఏడింటికి వెళ్ళాం. మేం కాక ఒక ముసలాయన మాత్రమే ఉన్నాడు. ఎండ తగిలే వైపు గాజు పలచటి తేనెరంగులో ఉంది. నీడ వైపు గాజు, అదే గాజు, నీలం. రంగంటూ వెయ్యనే లేదు. మొన్న కమ్ముల్లా కనిపించిన నల్లగీతలు రాళ్ళ కట్టుబడిని ఎక్కడా అడ్డుకోకుండా వాలుగా సాగిపోతున్నాయి. బాబాయ్ ఏమీ అనలేదు. బాత్రూం అనే మాట మళ్ళీ ఎత్తలేదు, అదే నాకు చాలు.

గర్భగుడి వెనక ప్రదక్షిణం చేశాం. నిజంగా ప్రదక్షిణపు దారే అది. సన్యాసుల పూజకి అడ్డం రాకుండా జనం ఒక పక్క నుంచి వచ్చి, చుట్టూ నడుస్తూ, చిన్న ఉపాలయాలు చూసుకుంటూ, కటకటాల సందుల్లోంచి అమ్మాయిని దర్శించుకుని, రెండో పక్క నుంచి బయటపడాలి. క్యూలైను లెక్క ముందు వేసుకుని, గుడి తర్వాత గీశారు. అమ్మాయి ఎముకలు కూడా ఇక్కడే గోడలో పెట్టి కట్టేశారు. తర్వాతివాళ్ళు ఆ చోటు మర్చిపోయారు. 1875లో మరమ్మతు చేస్తుంటే పెట్టె బయటపడింది.

ఆవరణ పక్కన మఠపు వసారాలో మాత్రం మిగిలింది తక్కువ. కొన్ని ఆర్చీలు, పచ్చరాతి తొట్టి. గుడి దిక్కులేకుండా ఉన్న రోజుల్లో రాళ్ళు ఎవరికి కావలసినవి వాళ్ళు మోసుకుపోయారు. బంగారం దాచిన ఊరే! 1837లో ప్రభుత్వ తనిఖీదారు ప్రోస్పేర్ మెరిమే వచ్చి, ఈ కొండకోనలో ఇంత సంపదా అని ఆశ్చర్యపోయి, మరమ్మతులకి కదిలించాడు. ముందు గోపురాల పైభాగాలు ఆ శతాబ్దంలోవే. నేను చెప్పకుండానే బాబాయ్ కనిపెట్టాడు, రాళ్ళ సందుల పాయింటింగు మరీ శుభ్రంగా ఉందట. పాత గోడల్లో మూడు రకాల రాయి: లేతపసుపు సున్నపురాయి, ఎర్ర ఇసకరాయి, బూడిదరంగు పలకరాయి. చెక్కడానికి పసుపు, నింపడానికి పలక. ఆయన ఆ గోడని అరచేత్తో తడుముతుంటే ముసలాయన దగ్గరికొచ్చి బోన్‌జూర్ చెప్పి, తనూ తడిమి చూపించాడు. మేస్త్రీ పని చేసేవాడట. భాష కలవని ఇద్దరు పావుగంట సేపు వేళ్ళతో మాట్లాడుకున్నారు. నేను తెలుగు చేయబోతే ఇద్దరూ ఆపేశారు.

తిరుగుదారిలో ఒక పల్లె దుకాణంలో ఫార్సూ దొరికాయి. సోమవారం, అభ్యంతరం లేదు. పిన్ని నాలుగు తింది. "అల్లం తక్కువైంది" అంది.

ఇంటికొచ్చాక బాబాయ్ ఫోను టీవీకి తగిలించి ఫొటోలు వేశాను. 163. గోడలు, గచ్చు, కమాను మూలలు, పలకరాళ్ళ కప్పు కింద చూరు. కుందేలు రెండు. పిన్ని ఎక్కడా లేదు. ఆవిడ పెదవి విరుస్తుండగా చివర్లో ఒకటి వచ్చింది: గర్భగుడి దగ్గర స్తంభం పక్కన, వీపు ఆనించి, నిటారుగా.

"ఇదుగో, ఉన్నావుగా" అన్నాడు బాబాయ్. "అయిదడుగుల రెండంగుళాలు. లెవలింగ్ స్టాఫు లేదు కదా, స్తంభం కొలత తెలియాలని నిన్ను నిలబెట్టాను."